లెక్కతో వండిన అన్నం

ఎం.ఏ.లో చేరేముందు యూనివర్సిటీ ఒకసారి చూసి రమ్మని నాన్న పంపితే, ఈ పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో జనగామ నుంచి పొద్దుటి ప్యాసింజరెక్కాను. యూనివర్సిటీకి వెళ్లేవారు సికింద్రాబాద్‌లో దిగితేనే సుఖం. స్టేషన్ బయటే సిటీ బస్సు దొరికింది. మెట్టుగూడ మీదుగా తార్నాకకు పదిహేను పైసలు. అక్కడి నుంచి నడక. రోడ్డు ఎంతకీ తెగలేదు, ఎండ మాడ్చేసింది. అయినా ఆర్ట్స్ కాలేజీ కనబడగానే నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇక్కడ చదవబోతున్నానంటే నాకే నమ్మకం కలగలేదు.

మధ్యాహ్నం, అక్కడే చదువుతున్న అన్నయ్య తన హాస్టల్ మెస్‌లో అతిథి భోజనం పెట్టించాడు, ముప్పావలా. అక్కడ కొత్త పద్ధతి నడుస్తోంది. బయట జనం పస్తులుంటే మనం పెద్ద గిన్నెలు, గంజులకొద్దీ అన్నం మిగల్చడమేమిటని అన్నయ్య, అతని మిత్రులు పట్టుబట్టారట. తినేవాళ్లు ముందే పేరు చెప్పాలి, అంతమందికే వండుతారు. అన్నయ్యను చూసి గర్వపడ్డాను.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళితే, గిన్నెలు తోమే మల్లమ్మ ఇంటికి బయల్దేరుతోంది. చేతిలో సత్తు గిన్నె.

"ఖాళీ గిన్నె తీస్కపోతున్నవేందమ్మా?" అని అడిగాను.

"గంజుల మిగిలింది పిల్లలకు తీస్కపోతుంటి బిడ్డా. ఇప్పుడు లెక్కతోని వండుతున్నరు గద, మిగుల్తలేదు." మాటలో కోపం కూడా లేదు.

"మరి రాత్రికి?"

"తార్నాకల ఎవరింట్లనన్న అడుగుత."

అన్నయ్యను నిలదీశాను. "మిగిలింది పెట్టుడు దొరతనంరా. వాళ్ల జీతం పెంచుమని మేం అడుగుతున్నం," అన్నాడు. నిజమే అనిపించింది. "గప్పటిదాంక పిల్లలేం తినాలె?" అన్నాను. అదీ నిజమే.

అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు మల్లమ్మకిచ్చాను. తీసుకుని, "రేపు గూడ ఉంటవా బిడ్డా?" అంది. నాది సాయంత్రం బండి. బయల్దేరేముందు మెస్‌లో మర్నాటి భోజనానికి నా పేరు చెప్పి వచ్చాను.

బండిలో బుర్ర వేడెక్కిపోయింది. నేను తినని ఆ రేపటి భోజనం ముప్పావలా అన్నయ్య బిల్లులో పడుతుంది. బిల్లు కట్టేది నాన్న. నాన్నకు వడ్లు కొలిచేది కౌలుదార్లు, వాళ్ల ఇళ్లలో రాత్రికి ఏముంటుందో నేనెన్నడూ అడగలేదు. మరి మల్లమ్మకు అన్నం పెట్టింది ఎవరు? జాలిపడ్డానో, నా మనసుకు మందు రాసుకున్నానో ఇంకా తేలలేదు. వెళ్లేవారికి ఒక్క మాట: ఆ మెస్‌లో తినాలంటే ముందురోజే పేరు చెప్పండి. పేరు చెప్పాక తినడానికి వెళ్లకపోయినా ఫరవాలేదు, ఒక మనిషి అన్నం గంజులో మిగులుతుంది.