రేణుక మేడం నానబెట్టిన పైపు ముక్కలు

ఉడికిన వడ్ల వాసన మిర్యాలగూడలో ఉండేవాళ్లకు కొత్త కాదు. తెల్లవారేసరికి రైస్‌మిల్లుల నుంచి వచ్చి ఒంటికీ, ఆరేసిన బట్టలకూ పట్టుకుంటుంది. మొన్న ఉదయం నా డ్రైవింగ్ స్కూల్ కారులో ఒక అమ్మాయికి గేర్లు నేర్పుతుంటే, ఆ వాసన మధ్యలోంచి సన్నగా ఇంకొకటి ముక్కుకు తగిలింది. పెట్రోలు. వెంటనే కారు పక్కకు తీయించి, ఇంజను ఆపించి, అందరినీ దింపేశాను. వెనక సీట్లో ఉన్న ఆ అమ్మాయి అత్తగారు, ఇప్పుడే బంకు దాటాం కదమ్మా, ఆ వాసనే అయ్యుంటుంది అంది. బానెట్ ఎత్తి, కిందికి వంగి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు, ఆవిడ చెప్పిందే నిజం. అయినా నాకేమీ చిన్నతనం అనిపించలేదు. పెట్రోలు వాసన వస్తే ముందు దిగాలి, ఆలోచన తర్వాత. ఇది సూర్యాపేటలో రేణుక మేడం దగ్గర తిట్లు తిని నేర్చుకున్న విద్య.

మేడం మునగాల దగ్గర ఒక పల్లెలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టారు. భర్త సూర్యాపేటలో డ్రైవింగ్ స్కూల్ పెట్టి, అది నిలదొక్కుకునేలోపే జబ్బు చేసి పోయారు. మిగిలింది ఒక కిరాయి గది, దాని ముందు కాస్త ఖాళీ జాగా, ఒక పాత కారు. ఆ కారు కంపెనీలో ఎలా పుట్టిందో కంపెనీకి కూడా గుర్తుండదు. నేర్పేవాళ్ల కోసం ఎడమవైపు కూడా క్లచ్చు, బ్రేకు బిగించి ఉన్నాయి. అసలు ట్యాంకు తుప్పు పట్టి పోతే వేరే బండి ట్యాంకు తెచ్చి డిక్కీలో కూర్చోబెట్టారు. కాబట్టి పెట్రోలు ఆ కొస నుంచి ఈ కొసదాకా, మనుషులు కూర్చున్న సీట్ల కింద నుంచే రావాలి. అందరూ దాన్ని అమ్మెయ్యమన్నారు. అందరికంటే ఎక్కువగా అన్నది మరిది శంకర్, ఆ గది తన సెల్‌ఫోన్ల షాపుకు కావాలని అతని ఆశ. మేడం అమ్మలేదు సరికదా, బోర్డు దింపించి కింద ‘ఆడవాళ్లకు మాత్రమే’ అని రాయించి మళ్లీ ఎక్కించారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నన్ను ఫోన్లు ఎత్తడానికి పెట్టుకుని, డ్రైవింగ్ నేర్పి, కొన్నాళ్లకే ఎడమ సీట్లో కూర్చోబెట్టారు. ఊళ్లో ఆమెను మొండిది అనేవాళ్లు. నిజమే, మొండిదే. ఆ మాట నేనిప్పుడు గర్వంగా రాస్తున్నాను.

నేను చేరిన మరుసటి ఏడాది కారులో పెట్రోలు వాసన మొదలైంది. పద్మ అని అంగన్‌వాడీ టీచర్ ఒకామె నేర్చుకోవడానికి వచ్చేది. ఆమెకు తలనొప్పి వచ్చి వాంతి చేసుకుంటే, ఎండదెబ్బ అనుకుని నేను నిమ్మరసం ఇచ్చాను. మేడం వచ్చి కారులో తల పెట్టి, బయటికి తీసి, నన్ను నిమ్మరసం కంటే పుల్లగా నాలుగు మాటలు అన్నారు. మెకానిక్ సైదులు కారు కింద దూరి చూశాడు. పెట్రోలు వచ్చే పాత రబ్బరు పైపు వేలితో నొక్కితే పిండిలా రాలుతోంది. పెట్రోల్లో ఇథనాల్ కలపడం ఎక్కువయ్యాక ఆ కాలపు పైపులు తట్టుకోవడం లేదని అతనే చెప్పాడు. చెప్పి, దాని స్థానంలో మేస్త్రీలు గోడలకు మట్టం చూసే లెవెల్ పైపు వేశాడు. మా వైపు ఇది మామూలే. మోటార్‌సైకిళ్లకూ, స్ప్రే ఇంజన్లకూ అదే వేస్తారు. పెట్రోలు పోయేది కంటికి కనిపిస్తుంది, అదే దాని గొప్ప. కొన్నాళ్లకు ఆ పైపు పసుపుపచ్చగా మారి, కట్టెలా గట్టిపడి, బిగించిన చోట చీలింది. వాసన మళ్లీ మొదలైంది.

ఆ రోజు మేడం కారుకు తాళం వేసి, సరైన పైపు దొరికేదాకా ఇది కదలదన్నారు. సరైనదేదో ఎవరికీ తెలియదు. సైదులు రాగిపైపు మంచిదన్నాడు. ఇంకొకరు పైన ఉక్కు జాలీ అల్లిన మెరిసే పైపు వేయమన్నారు, రేసు బండ్లకు అదే వాడతారట. ఎవరి మాట వాళ్లది. మేడం అందరిదీ విని, నన్ను వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కారు. అక్కడ హైవే పక్కన పెద్ద ఆటో స్పేర్ల దుకాణంలో ప్రతి రకంలోనూ జానెడు ముక్క కోసి ఇమ్మన్నారు. దుకాణాయన ఆమెను ఎగాదిగా చూశాడు.

“ముక్కలు కోసేస్తే మిగతా చుట్ట ఎవరు కొంటారమ్మా? కావలసిందేదో చెప్పండి, ఇచ్చేస్తాను.”

“బస్తా బియ్యం కొనేటప్పుడు పిడికెడు ఇంటికి తీస్కపోయి వండి సూస్తమా లేదా? గిది గూడ గంతే. నానబెట్టి సూసినంకనే కొంట.”

ఆయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. మేడం స్టూలు లాక్కుని కూర్చున్నారు. వచ్చే గిరాకీలు ఆమెను చూస్తున్నారు, ఆమె వాళ్లను చూస్తున్నారు. చివరికి ఆయనే కత్తి తీశాడు.

సూర్యాపేటకు తిరిగొచ్చాక, స్కూల్ గది వెనక రేకుల కింద, పొయ్యికీ దీపానికీ దూరంగా, ఖాళీ అయిన పచ్చడి సీసాల్లో బంకు పెట్రోలు పోసి ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వేసి మూత బిగించారు. అగ్గిపెట్టె జేబులో ఉన్నవాణ్ని అటు పోనిచ్చేవారు కాదు, శంకర్ బీడీని కూడా దూరంగానే ఆర్పించారు. వారం వారం ముక్కల్ని బయటికి తీసి వంచి, గిల్లి, గోటితో గీకి చూసేవాళ్లం. లెవెల్ పైపు మేకులా బిగుసుకుపోయింది. మామూలు నల్ల రబ్బరు ఉబ్బి, ముట్టుకుంటే వేళ్లకు నలుపు అంటించింది. జాలీ పైపు పైకి పెళ్లికొడుకులా అలాగే ఉంది, నిలువునా కోసి చూస్తే లోపల ఆ చవక రబ్బరే, పగిలిపోయి. నాకు దాని మీద పట్టరాని కోపం వచ్చింది. రాగి పెట్రోలుకు బాగానే తట్టుకుంది. కానీ మేడం దాన్ని కబుర్లు చెబుతూ చేతిలో అటూ ఇటూ వంచుతూ ఉంటే పుటుక్కున విరిగింది. ఆ కారు ఊగే ఊపుడుకు అదెన్నాళ్లు ఆగుతుంది? నైలాన్ పైపు చెక్కుచెదరలేదు గానీ మా పైపు దారి సైలెన్సర్ పక్కనుంచి, ఆ వేడికి మెత్తబడుతుందని సైదులు భయం. ఇక మిగిలింది ఒక రబ్బరు ముక్క. లోపల వేరే పొర ఉండి, ఇథనాల్ పెట్రోలుకు పనికొస్తుందని పైన అచ్చు వేసి ఉన్న రకం. సీసాలో వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కారు కింద పొడుగునా వేడికి జంకని ఉక్కు పైపు, ట్యాంకు దగ్గరా ఇంజను దగ్గరా కదిలేచోట మాత్రం ఈ రబ్బరు పొట్టిగా వేద్దామని మేడం, సైదులు కలిసి తేల్చారు. ఆ రకం కోదాడలో నమూనా ముక్కకు సరిపోయేంతే ఉంది. సరుకు హైదరాబాద్ నుంచి పార్శిల్లో రావాలి.

ఈలోగా మా బ్యాచ్ ఆడవాళ్లకు లైసెన్స్ టెస్ట్ తేదీ దగ్గరపడింది. ఈ బ్యాచ్ టెస్టుకు పోకపోతే స్కూల్ ఎత్తిపోయిందని ఊరంతా అనుకుంటుంది, స్కూల్ ఆగితే గది శంకర్‌కు ఇచ్చేస్తానని ఇంటి ఓనరు ముందే చెప్పాడు. అయినా మేడం పాఠాలు మానలేదు. ఇంజను ఆపిన కారులోనే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి క్లచ్చు, గేరు, బ్రేకు అని తొక్కించేవారు. కదలని కారులో అద్దాలు చూసుకుంటూ స్టీరింగ్ తిప్పే ఆడవాళ్లను చూసి రోడ్డున పోయేవాళ్లు ఆగి మరీ నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. మేడం మాత్రం నవ్వేవాళ్లకు వినపడేలా ఇండికేటర్ వెయ్యమ్మా అని ఇంకా గట్టిగా అరిచేవారు.

టెస్ట్ రోజు వచ్చింది, పార్శిల్ రాలేదు. పద్మతో సహా అందరూ తయారై వచ్చి నిలబడ్డారు. శంకర్ కూడా వచ్చాడు. సైదులు చేతిలో కొత్త లెవెల్ పైపు ఉంది, అది శంకర్ కొనిచ్చిందే.

“ఒక్క దినానికి ఏమైతది వదినా? పొయ్యి టెస్టు ఇచ్చి వస్తరు. తాళంచెవి ఇటియ్యి, నేనే తోల్కపోత.” చెయ్యి చాచాడు.

సైదులు తలెత్తలేదు. నాకైతే ఇచ్చేస్తే బాగుండుననిపించింది. ఒక్క రోజే కదా. మేడం తాళంచెవి పిడికిట్లో బిగించి కారుకు అడ్డంగా నిలబడ్డారు.

“తారీఖు మళ్ల వస్తది శంకర్. ఈళ్లల్ల ఒక్కరు పోతే మళ్ల వస్తరా? తాళంచెవి ఇయ్య. గది తీస్కుంటవా, తీస్కో.”

అతను ఇంకా ఏదో అన్నాడు, ఆమె వినలేదు. ముగ్గురు ఆడవాళ్లు అక్కడికక్కడే వేరే స్కూల్‌కు వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను. మిగతావాళ్లను పద్మ వెంటబెట్టుకుని నేరుగా ఓనరు ఇంటికి పోయింది. ఓనరు లేడు, భార్య ఉంది. వీళ్లు చెప్పిందంతా విని ఆమె వాళ్లకు టీ పోసి, నాక్కూడా నేర్పుతారా అని అడిగిందట. తర్వాతి బ్యాచ్‌లో మొదటి పేరు ఆమెదే. గది సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పార్శిల్ వచ్చాక సైదులు పైపు వేసి, కారు కింద పాతబట్ట పరిచి ఇంజను చాలాసేపు తిప్పాడు. బట్ట మీద ఒక్క మరక పడలేదు. మాతో ఆగిన ఆడవాళ్లు తర్వాతి తేదీకి ఆ కారులోనే టెస్టుకు పోయారు.

పోయిన ఎండాకాలం మేడం కిడ్నీ జబ్బుతో పోయారు. చూడడానికి వచ్చినవాళ్లలో కొందరు, పాపం మొండితనంతో ఏమీ మిగుల్చుకోలేదు అన్నారు. అలాంటిచోట గొంతెత్తకూడదని తెలుసు, అయినా ఎత్తాను. “ఆమె బండి ఎక్కిన ఆడది ప్రతి ఒక్కతి మంచిగ దిగి ఇంటికి పోయింది. ఇంకేం మిగలాలె?” అన్నాను. వాళ్ల జవాబు నాకు అక్కరలేదు.

మిర్యాలగూడలో నా స్కూల్‌కూ ఇలాంటి ఉదయాలు వస్తూనే ఉంటాయి. బ్రేకు సరిగా లేదనో, టైరు అరిగిందనో నేను కారు ఆపుతాను. ఒక తండ్రో, ఒక మొగుడో ఈ ఒక్కరోజుకు సర్దుకొమ్మని నా ముందు చెయ్యి చాస్తాడు. కోప్పడి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, నా గురించి ఊళ్లో అనేవి నాకూ వినిపిస్తున్నాయి. ఇన్నేళ్లలో నేను వదులుకున్న తేదీలన్నీ మళ్లీ వచ్చాయి. మేడం రారు. ఆమె నిలబడిన చోట ఇప్పుడు నేను నిలబడాలి. నిలబడుతున్నాను. చాచిన చెయ్యి ఎవరిదైనా సరే, తాళంచెవి ఇవ్వను.