ఉరుకుండ్రి!

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఎల్బీనగర్‌లో, రోడ్డు పక్కనే ఉన్న ఓ ప్రాథమిక పాఠశాలలో కొత్తగా టీచర్‌గా చేరాను. మాది తెనాలి. ఆటల పీరియడ్‌లో "పరుగెత్తండర్రా!" అని నేనెంత అరిచినా, పిల్లలు నా మాటతీరుకి కిసుక్కున నవ్వుతూ నిలబడిపోయేవారు. చివరికి మూడో తరగతి శిరీషకి నా మీద జాలేసింది.

"గట్ల కాదు టీచర్, ఉరుకుండ్రి అనాలె" అని నేర్పింది.

మర్నాడే పరుగు పందెం పెట్టాను. గోడ అవతల ఉద్యమకారుల ఊరేగింపు వస్తోందని ఆ హడావిడిలో గమనించలేదు. బలంగా విజిల్ ఊది, గొంతు చించుకుని "ఉరుకుండ్రి!" అన్నాను. పిల్లలు ఉరికారు. గోడ అవతల ఊరేగింపు కూడా ఉరికింది! పోలీసులొచ్చారనుకుని పాపం, తలో సందులోకీ దూరారు.

కాసేపటికి నలుగురు రొప్పుతూ గేటు తోసుకొచ్చారు.

"విజిల్ గొట్టింది ఎవరు?"

"నేనేనండీ... పిల్లల కోసమని..." అన్నాను. నా యాస వినగానే వాళ్ల మొహాలు బిగుసుకున్నాయి. ఇంతలో శిరీష ఉరికొచ్చి నా కొంగు పట్టుకుంది.

"మా టీచర్‌ను ఏమనకుండ్రి. గా మాట నేనే నేర్పిన."

వాళ్లలో పెద్దాయన పకపకా నవ్వేశాడు. "మస్తు నేర్పినవ్ బిడ్డా! మేం గుడ ఉరికినం."

ఇన్నేళ్లయినా నాకు ఇక్కడి యాస పట్టుబడలేదని మావారు వెక్కిరిస్తుంటారు. అయితేనేం? వచ్చిన ఒక్క మాటతో ఊరేగింపునే ఉరికించాను!