మంగళవారం దీపం

ఒక చిన్న లారీని, మామ టమాటా పంటను, అల్లుడి పరువును కలిపి ఒకేసారి నడిరోడ్డు మీద నిలబెట్టడం ఎలాగో నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రండి. ఈ విద్యలో సిద్దిపేట జిల్లా మొత్తంలో నన్ను మించినవాడు లేడు. దీనికి కావలసిన పనిముట్టు కూడా ఒక్కటే, కొబ్బరికాయ.

అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. ఎన్నో చేతులు మారిన లారీ ఒకటి కొని, వంద లారీల సేఠ్‌లా మీసం తిప్పుతున్న రోజులు. నారాయణరావుపేటలో వ్యవసాయం చేసే మా మామ వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరును చెప్పుకాలితో తన్ని చూశాడు.

"అల్లుడా, ముసలి బర్రెను కొన్నా గింత పాలిస్తది. ముసలి బండిని కొంటె దానికి మనమే పాలు పొయ్యాలె" అన్నాడు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎలాగైనా ఈ బండికి ఆయన నోటితోనే మంచి పేరు తెప్పించాలని పంతం పట్టాను.

దసరా వచ్చింది. బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. లోకమంతా కొబ్బరికాయను బండి ముందు కొడుతుంది. నాకది ఆనలేదు. బండి ప్రాణం బంపర్‌లో ఉంటుందా, ఇంజన్‌లో ఉంటుందా? అందుకని క్యాబిన్ పైకెత్తి, కొబ్బరినీళ్లన్నీ ఇంజన్ మీదే భక్తిగా ధారపోశాను.

బండి వీధి చివరికి చేరకముందే డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. లారీ నీరసపడి, ఒంటెద్దు బండిలా నడిచింది. కాసేపటికి దీపం ఆరిపోయింది, బండి మళ్లీ పరుగెత్తింది. పూజ చాల్లేదేమో అనుకుని, అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఇంజన్‌కు ఒక కాయ మొక్కుకున్నాను.

మొక్కిన ప్రతి మంగళవారమూ దీపం వెలిగింది. బండిని పరుగున మెకానిక్ యాదగిరి దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని.

"దీపం యాడున్నదే?" అనేవాడు యాదగిరి.

"ఇప్పటిదాంక ఉండె అన్నా."

"ఇప్పుడు లేదు గద."

"నువ్వు జర పక్కకు పోతె వస్తదేమో."

దవాఖాన గడప తొక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లాడిలా నా బండి అక్కడ బుద్ధిగా నిలబడేది. యాదగిరి మిషన్ తగిలించి చూసి, సెన్సార్ తప్పని తేల్చి, కొత్తది వేశాడు. తర్వాతి మంగళవారం కొత్త సెన్సార్‌తోనే దీపం మరింత కళకళలాడుతూ వెలిగింది.

"ఇంజన్ మీద నీళ్లు గిట్ల పోస్తున్నవా ఏంది?" అని అనుమానంగా అడిగాడు.

"మా అవ్వ మీద ఒట్టు. దసరా కాడ కడిగిందే, మళ్ల సుక్క నీళ్లు తగలనియ్యలే."

నేను అబద్ధం చెప్పలేదండీ. పోసింది నీళ్లా? తీర్థం.

మీకు ఈపాటికే సంగతి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. పట్టిన పీడ దీపం రూపంలో బయటపడుతోందని, కొబ్బరికాయ మహిమకు తట్టుకోలేక పారిపోతోందని నేను తేల్చుకున్నాను. పీడ గట్టిదని కాయలు రెండు చేశాను.

ఇంతలో మామకు గజ్వేల్ అవతలి ములుగు దగ్గరి నర్సరీ నుంచి టమాటా నారు తేవలసి వచ్చింది. ఊళ్లో బండ్లన్నీ వడ్ల మోతలో ఉన్నాయి. గత్యంతరం లేక నాకు ఫోన్ చేశాడు.

"నారు పసిపిల్ల లెక్క. ఎండల నిలవెడితె వాడిపోతది. గిది పోతె ఈసారి పంటనే లేదు. నీ బండి నడుస్తదా?"

"గుర్రం లెక్క ఉరుకుతది మామా."

నా ఆనందం ఇంతా అంతా కాదు. ఆ రోజు మంగళవారమని వేరే చెప్పాలా? ములుగులో మామ నారు ట్రేలు ఎక్కిస్తుంటే, నేను ఆయన కంట పడకుండా క్యాబిన్ ఎత్తి రెండు కాయలు సమర్పించుకున్నాను. మూడోది సీటు కింద దాచాను.

గజ్వేల్ దాటామో లేదో దీపం వెలిగింది. బండి దగ్గింది, మూలిగింది, మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్కన ఆగిపోయింది. వెనక నారు తలలు వాలుస్తోంది.

"గుర్రం పండుకున్నదా అల్లుడా?" అన్నాడు మామ కిందికి దిగుతూ.

"ఒక్క నిమిషం మామా. మందు నా కాడనే ఉన్నది."

క్యాబిన్ ఎత్తి, మూడో కాయను టపీమని కొట్టి, ఇంజన్ మీద వంచబోయాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"గిదేంది?"

"పూజ మామా."

"గిట్ల ఎన్నిసార్లు జేసినవ్?"

"వారం వారం. ఇయ్యాల మాత్రం ములుగులనే రెండు కొట్టిన."

మామ ఇంజన్‌లోకి తొంగిచూశాడు. ఒక చీమల బారు వైరు వెంబడి నడిచి, సెన్సార్‌కు తగిలించిన ప్లగ్గులోకి దూరుతోంది. పెళ్లి విందుకు పోతున్నట్టు ఎంత హుషారుగా పోతున్నాయో. మామ ఆ ప్లగ్గు ఊడబీకి, లోపల వేలు పెట్టి, నాలుక మీద రాసుకున్నాడు.

"తియ్యగున్నది" అన్నాడు.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"మన బోరు కాడ స్టార్టర్ డబ్బాల జర వాన జల్లు వడితెనే మోటరు నడువది. నువ్వు దీనికి కాయలకు కాయలు తాపవట్టినవ్. ఇంజన్ వేడికి ఆరిపోయినప్పుడల్లా దీపం వోతుండె, నువ్వు మళ్ల తాపుతుంటివి."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. నా బండికి రోగం తెచ్చిందీ కొబ్బరినీళ్లే, నేనిచ్చిన మందూ కొబ్బరినీళ్లే.

మామ చీమలను దులిపి, తువ్వాల కొసతో ప్లగ్గు తుడిచి, ఎండకు పెట్టాడు. నేను తాగేందుకు తెచ్చిన నీళ్లు నారు మీద చల్లాను. సీసా ఖాళీ అయింది. ఇంకా సగం ట్రేలు తడవలేదు.

"మామా, గీ కొబ్బరినీళ్లు నారుకు..."

"ముందుగాల ఆ కాయ ఇటియ్యి" అని లాక్కుని, ఆయనే గటగటా తాగేశాడు.

ప్లగ్గు ఆరింది. తాళం తిప్పితే బండి ఒక్క ఊపున లేచింది. దీపం లేదు. ఆనందంతో స్టీరింగ్ మీదే దరువేశాను. సిద్దిపేట దాటి, పొద్దుగూకకముందే నారాయణరావుపేట చేలో దిగాం. నీళ్లు తగలగానే నారు తలెత్తింది. నేనూ తలెత్తి, శభాష్ అంటాడేమోనని మామ వైపు ఆశగా చూశాను.

మామ లారీ దగ్గరికి వెళ్లి, మొదటిసారి దాన్ని ప్రేమగా నిమిరాడు.

"నువ్వన్నట్టే బండి శానా మంచిది అల్లుడా. నువ్వు గింత జేసినా బతికింది."

పంతం నెగ్గింది. మంచి పేరు వచ్చింది, బండికి.

కనుక, తలెత్తిన ఆ టమాటా నారు సాక్షిగా, నా ఖర్చుతో విందు చేసుకున్న చీమలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంజన్‌కు ఏ తీర్థమూ పట్టను. భక్తి మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ ప్రతి మంగళవారం కాయ కొడతాను. కాకపోతే ముందు బండిని తీసుకెళ్లి పక్క వీధిలో పెట్టి వస్తాను.