పెండ్లి ఆల్బంలో లేని తల్లి

జనగామలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నేను నడిపే వెబ్‌సైటును నమ్ముకున్నవి మూడే మూడు ఫ్లెక్సీ షాపులు. ఒకటి మా ఊళ్లోనే ఉంది, ఒకటి మానుకోటలో, ఒకటి భూపాలపల్లిలో. పుట్టినరోజైనా, పెండ్లైనా, చావైనా జనం షాపుకొచ్చి నా సైటులో ఒక డిజైను ఎంచుకుంటారు, పేరు మార్చుకుంటారు, అది ప్రింటుకు పోతుంది. అంతవరకు బాగానే నడిచింది. ఒకరోజు భూపాలపల్లి షాపాయన ఫోన్ చేశాడు.

"అక్కా, ఏం కావాల్నో రాస్తే చాలు, బొమ్మ అదే వస్తున్నదట గద. మన దాంట్ల గదెందుకు లేదు?"

లేకపోతే ఇంకొకరి దగ్గరికి పోతామని ఆయన అనలేదు. నాకే వినిపించింది. ఆ మర్నాడే పని మొదలుపెట్టాను.

రాసింది చదివి బొమ్మ గీసిచ్చే ఏఐ సర్వీసుకు నా సైటును కలపాలి. కలపడం పెద్ద కష్టం కాదు. ఆ వచ్చే బొమ్మలే మన మాట వినవు. బతుకమ్మ అని రాస్తే అంతస్తుల కేకు వచ్చింది. బొగ్గుబాయి కార్మికుడు అని రాస్తే రాగిరంగు మీసాల తెల్లదొర వచ్చాడు. పల్లెటూరి ముసలమ్మ అంటే ముత్యాల దండ వేసుకున్న ఏ దేశపు మనిషో కుర్చీలో కూర్చుని నవ్వింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు ఉంది నా బతుకు. ఒళ్లుమండి, రాసేవాళ్లకు కనపడకుండా ప్రతి ఆడమనిషి బొమ్మకూ లోపల నేనే ఒక వాక్యం తగిలించాను: తెలంగాణ పల్లె మనిషి, చామనఛాయ, నేత చీర, గాజులు, నుదుట బొట్టు. ఆ దెబ్బతో ఆడవాళ్లంతా మనవాళ్లయిపోయారు. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మొదట మానుకోట షాపాయనకు దగ్గరుండి చూపిద్దామని ల్యాప్‌టాప్ పట్టుకుని రైలెక్కి పోయాను. ఆయనకు చూపిస్తుండగానే ఒకామె లోపలికొచ్చింది. ఆమెది మరిపెడ అవతల పల్లెటూరు. వాళ్లమ్మ చనిపోయింది. మర్నాడే దినాలు. ఊరందరూ భోజనానికొచ్చే చోట తల్లి ముఖంతో ఒక ఫ్లెక్సీ కట్టాలి, అంతే ఆమె కోరిక. చేతిలో తల్లి ఆధార్ కార్డు ఉంది.

"మరిపెడల కాదన్నరక్కా. గీడ చేస్తరని చెప్పిన్రు."

ఆధార్ ఫొటోలో మనల్ని మనమే గుర్తుపట్టలేం. దాన్ని ఫ్లెక్సీ అంత పెంచి చూస్తే ముక్కూ నోరూ గళ్లు గళ్లుగా విడిపోయాయి. నేను కలిపిన సర్వీసు రాసిందే చదువుతుంది, ఫొటో తీసుకోదు. ఇంకో ఫొటో లేదా, పోనీ నీ పెండ్లి ఆల్బంలో ఉంటుంది కదా అని అడిగాను.

"నాయిన నా చిన్నప్పుడే పాయె. బొట్టు లేనిదాన్ని, బిడ్డ పెండ్లిల ముందట నిలవడొద్దని అవ్వనే పక్కకు జరిగింది. ఫొటోలాయన పిలిచినా రాలే. ఒక్క దాంట్ల కొంగు పడ్డది. గంతే."

ఆ మాట విన్నాక కాదని ఎలా అంటాను? ఊరి కట్టుబాటుకు భయపడి బతికినన్నాళ్లూ పక్కకు జరిగిన మనిషి, ఒక్కరోజైనా నలుగురి ముందు నిలబడాలని నాకూ అనిపించింది. పక్కన కూర్చోబెట్టుకుని, అవ్వ ఎట్లుంటదో చెప్పు చెల్లె అన్నాను. ఆమె చెబుతుంటే నేను రాశాను. కోల ముఖం, చెంప మీద గుంట, కిందికి వంగిన ముక్కు.

బొమ్మ వచ్చింది. చేతుల నిండా గాజులు, నుదుట రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు.

"అయ్యో, గిదేందక్కా!" అని ఆమె కుర్చీలోంచి లేచింది. "మా అవ్వకు బొట్టేంది? ఊరోళ్లు చూస్తే ఏమంటరు?"

నేను తగిలించిన వాక్యం. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే కౌంటర్ మీద కోడ్ తెరిచి ఆ వాక్యం పీకేశాను. మళ్లీ రాశాను. ఈసారి బొట్టు లేదు, కానీ మనిషి మైదాపిండిలా ఉంది. రంగు సరిచేస్తే ముఖం గుండ్రమైంది. ముఖం సరిచేస్తే ఒకసారి ముక్కు కుదిరింది. "గిదే! ముక్కు గిట్లనే ఉంటది!" అని ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. నాకూ ప్రాణం లేచొచ్చింది. నోరు ఒక్కటి మార్చుదామని మళ్లీ నొక్కాను. ఆ ముక్కు పోయింది. ఏఐకి ఆమె తల్లి తెలియదు, ప్రతిసారీ కొత్త మనిషిని గీస్తుంది. ఆ సంగతి చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ వినదలచుకోలేదు.

షాపాయన విసుక్కున్నాడు. "ఏదో ఒకటి పెట్టున్రి. ముసలోళ్లంత ఒక్క తీర్గనే ఉంటరు. దూరంకెళ్లి ఎవలు గుర్తువడ్తరు?"

"మీ అవ్వకైతే గట్లనే పెడ్తవా అన్నా?" అన్నాను. ఆయన మెషీన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మళ్లీ మళ్లీ నొక్కాను. తెర నిండా ముసలమ్మలు, ఒక్కరూ ఆమె తల్లి కారు. మొదట్లో ఏది అడిగినా ఠక్కున చెప్పిన మనిషి మెల్లగా తడబడటం మొదలుపెట్టింది. "కండ్లు చిన్నయి. కాదు, జర పెద్దయే. ఇందాకటి బొమ్మల ఎట్లున్నయక్కా? గట్లనే అనుకుంట." చెంప మీద గుంట కుడివైపా ఎడమవైపా అని అడిగితే చెయ్యి తన చెంప దాకా తెచ్చి ఆపేసింది. అప్పుడు నాకు భయం వేసింది. ఆమె తల్లిని తలుచుకుని చెప్పడం లేదు. నా బొమ్మల్ని చూసి చెబుతోంది.

"ఇగ ఆపుదాం చెల్లె," అన్నాను. "పేరు రాసి, పైన దీపం బొమ్మ పెడదాం."

ఆమె తలూపింది. షాపాయన పేరు అడిగి ప్రింటుకు పెట్టాడు. ఫ్లెక్సీ బయటికొస్తున్నంత సేపూ ఆమె కండ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుస్తోందనుకుని మంచినీళ్లు తీసుకుపోయాను. ఏడవడం లేదు. దేనికోసమో లోపల వెతుకుతున్నట్టు కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"పొద్దున బస్సుల కండ్లు మూసుకుంటే అవ్వ కనవడ్డదక్కా. ఎదురుంగ కూసున్నట్టే ఉండె. ఇప్పుడు మూసుకుంటే నువ్వు తీసినోళ్లే వస్తున్రు."

గ్లాసు ఆమె పక్కన పెట్టాను. ఆమె లేచి కౌంటర్ దగ్గరికి వచ్చి, తెర మీది ముఖాలన్నీ వేలితో ఒక్కొక్కటే పైకి జరుపుతూ చూసింది. ఆఖరిదాకా చూసి నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పక్కా. వీళ్లల్ల మా అవ్వ ఎవలు?"