వక్కల తల్లులు వెళ్లిపోయిన దారి

మోర్స్‌బీ నగరపు కొండవార బస్తీలో గెండే చర్చి పెద్ద, నీతిమంతుడు. నీతిమంతుడి వల్ల వాడకు ఎంత చేటో అప్పటికి ఎవరికీ తెలీదు.

అతని ఇంటి ఎదుట, బస్సు ఆగేచోటు దాకా ఖాళీ స్థలం ఉండేది. పన్నెండుమంది ఆడవాళ్లు అక్కడ బల్లలేసుకుని పచ్చి వక్కలు, సున్నం, విడి సిగరెట్లు అమ్మేవాళ్లు. నేలంతా ఎర్రటి ఉమ్మి. శుక్రవారమైతే తాగుబోతుల రచ్చ. "ఇది దొంగల పుట్ట" అని గెండే అర్జీ రాసి ఇంటింటా సంతకాలు పెట్టించాడు. నగరపాలిక మనుషులొచ్చి బల్లలు విరగ్గొట్టి, స్థలం చుట్టూ ఎత్తుగా రేకులు బిగించిపోయారు.

నేల శుభ్రమైంది. రేకుల పక్క దారిలో మాత్రం మనిషి అలికిడి పోయింది. నెల తిరక్కుండా నలుగురిని దోచుకున్నారు. ఐదోది గెండే కూతురు రోడా. ఆసుపత్రిలో దుప్పట్లుతికే పని ఆమెది. సాయంత్రం ఆరింటికి బస్సు దిగుతుంది. మెడమీద కత్తిపెట్టి, భుజాన ఉన్న అల్లిక సంచి లాక్కున్నారు.

"మళ్లీ ఆ దారిన నడవను నాన్నా. ఉద్యోగం పోతే పోనీ."

ఇల్లు నడిచేది ఆ ఉద్యోగంతోనే. గెండే, నొచ్చుకున్నవాళ్ల కడుపుమంట చల్లార్చే తన కొండ ఊళ్ల ఆచారం ప్రకారం చెరుకుమోపు, బతికున్న కోడి పట్టుకుని, కూడలిలో వక్కలమ్ముకుంటున్న మొరియా దగ్గరికెళ్లాడు. ఆ ఆడవాళ్లకు పెద్ద ఆమే.

"చర్చి తరఫున తెచ్చానమ్మా."

"చర్చి నా బల్ల విరగ్గొట్టిందా పెద్దాయనా? తప్పు ఎవరిదో వాళ్ల నోటితోనే చెప్పాలి. మీ కొండల్లో ఆచారం అదేగా?"

చుట్టూ మనుషులు మూగారు. గెండే వాళ్లందరి ముందూ కోడిని చాపాడు. "తప్పు నాదే" అన్నాడు.

మొరియా కోడి అందుకుంది. "ఇప్పుడు దోచుకుంటున్న ఆ పిల్లవెధవల అమ్మలు నా పక్కనే కూచునేవాళ్లు. ఎవడైనా చెయ్యెత్తితే పేరుపెట్టి పిలిచేదాన్ని. పేరు వినపడితే దొంగకి చెయ్యాడదు. ఆ సంగతి నీ అర్జీలో రాశావా?"

"మళ్లీ రండి. నా ముంగిట్లో కూచోండి."

"ఉమ్ముతాం మరి!"

"ఉమ్మండి."

పన్నెండుమందిలో మొరియాతో కలిపి ముగ్గురే వచ్చారు. ఏడుగురు వేరేచోట కుదురుకున్నారు, ఇద్దరు ఊళ్లకు వెళ్లిపోయారు. ఆ ముగ్గురూ ఐదున్నరకే బల్లలు సర్దేసేవాళ్లు.

"ఇంకో అరగంట ఉండమ్మా, రోడా వచ్చేదాకా," అని గెండే బతిమాలాడు.

"పన్నెండుమందిమైతే పొద్దుగూకినా ధీమాగా ఉండేవాళ్లం. ముగ్గురం ఎవర్ని కాస్తాం? మేమూ ఆ రేకుల పక్కనించే గదా ఇంటికి పోవాలి."

రెండు వారాలు గెండే తనే బస్సు దగ్గరికెళ్లి కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మూడో వారం కుర్రాళ్లు అతన్నే రేకులకేసి కొట్టారు. రెండు పళ్లు రాలాయి.

రోడా ఉద్యోగం మానేసింది. తండ్రి ముంగిట్లో నాలుగో బల్ల వేసుకుంది. ఐదున్నరకి అందరితోపాటు ఆమె కూడా సర్దేసి లోపలికొచ్చి తలుపు గడియ పెడుతుంది. ఆ తర్వాత ఆరింటి బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినిపిస్తుంది. ఎవరో దిగుతారు. ఇంట్లో ఎవరూ కిటికీ తెరవరు.