ఆవిడ మాట్లాడిన తెలుగు

పోయిన ఆదివారం, కెనడాలో మేముండే వాన్ అనే ఊళ్ళో, మా తెలుగువాళ్ళంతా కలిసి ఒక పాతకాలపు హిందీ హీరోయిన్‌కి సంతాపసభ పెట్టారు. మనిషి పోతే నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మన అలవాటే, నేను కాదనను. కానీ మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆవిడ మాట్లాడిన తెలుగును పొగడడం మొదలెట్టేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మా తెలుగు సంఘం కార్యదర్శిగారైతే, ఉత్తరాదిలో పుట్టి కూడా ఎంత చక్కగా నేర్చుకున్నారో చూడండి, ఆ 'ళ' పలికిన తీరు చూడండి, మన పిల్లలకి ఆవిడ ఆదర్శం కావాలి అంటూ ఆవిడ తెలుగు సినిమాలోంచి ఒక ముక్క తెర మీద వేశారు. ఆ 'ళ' నాది నాయనా! అదొక్కటే ఏమిటి, ఆ సినిమాలో ఆవిడ నోట వచ్చే ప్రతి అక్షరమూ నాదే, ముందు వరసలో మోకాళ్ళ మీద శాలువా కప్పుకుని కూర్చున్న ఈ ముసలిదానిదే.

నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో మద్రాసులో బొంబాయి హీరోయిన్ తెలుగులో నటిస్తోందంటే గొంతు ఇంకెవరో ఇస్తున్నారనే అర్థం. మా అన్నయ్య డబ్బింగ్ థియేటర్లో సౌండు ఇంజనీరు దగ్గర అసిస్టెంటు. నాకు గొంతు బాగుందని, పైగా హిందీ పరీక్షలు పాసయ్యాను కాబట్టి ఆవిడతో మాట్లాడడానికీ పనికొస్తానని వాడే నన్ను తీసుకెళ్ళాడు. తెర మీద ఒకే ముక్కను తిప్పి తిప్పి వేస్తారు, ఆవిడ పెదవులు కలిసినప్పుడు నా పెదవులూ కలవాలి, విడిపోతే విడిపోవాలి. ఆవిడేమో పాపం తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని చదివిన మనిషి, అర్థం తెలియదు కదా, మాట మధ్యలో ఊపిరి పీల్చేది, మాట అయిపోయాక కూడా పెదవులు ఆడించేది, ఆ ఖాళీల్లో ఒక 'అయినా', ఒక 'అదికాదండీ' ఇరికించి పూడ్చేసరికి నా ప్రాణం పోయేది. ఇంతా చేస్తే టైటిల్స్‌లో నా పేరు వెయ్యలేదు. హీరోయిన్ గొంతు హీరోయిన్‌ది కాదని తెలిస్తే జనం మనసు విరిగిపోతుందట! జనం మనసు సరే, నా మనసో?

పోనీ ఆవిడ మీదైనా కోపం తెచ్చుకుందామంటే అదీ కుదిరింది కాదు. విరామంలో నా పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ తన కథంతా చెప్పేది. పలక పట్టుకోవాల్సిన వయసులో వాళ్ళమ్మ స్టూడియోకి లాక్కొచ్చిందట, ఇంటిల్లిపాదీ ఆవిడ సంపాదన మీదే బతికారట. నలుపు తెలుపు సినిమాల రోజుల్లో ఆవిడ జడ వేసుకున్నట్టే మా కాలేజీలో సగం మందిమి వేసుకునేవాళ్ళం. అంతటి మనిషికి, ముప్పై దాటీ దాటగానే, నిన్నమొన్నటిదాకా తనతో చెట్టాపట్టాలేసుకుని తిరిగిన హీరోకే వదిన వేషం ఇచ్చారు, ఆనక ఆ హీరోకే అమ్మ వేషం కూడా ఇచ్చారు. హీరోగారు మాత్రం విగ్గు పెట్టుకుని కూతురి ఈడు పిల్లతో గంతులేస్తూనే ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది నాకు. మద్రాసులో ఇంకా హీరోయిన్ వేషం ఇస్తామన్నారని వచ్చింది ఆవిడ, తెలుగు మీద ప్రేమతో కాదు. సంతాపసభలో ఈ మాట ఒక్కరూ అనలేదు.

ఆ తెలుగు సినిమాలో భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోయే ఘట్టం ఒకటుంది. "వెళ్తే వెళ్ళండి, తలుపు మాత్రం వెయ్యకండి" అని ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడుస్తుంది. మాటలతోపాటు ఆ ఏడుపు కూడా నన్నే ఏడవమన్నారు. సంగతి ఎలా తెలిసిందో ఏమో, బొంబాయి ప్రయాణం మానుకుని మరీ థియేటరుకి వచ్చేసింది ఆవిడ. నా పాటలు ఎవరో పాడుతున్నారు, మాటలు నువ్వు మాట్లాడుతున్నావు, ఏడుపైనా నాది ఉండనివ్వండి, దానికి భాష అక్కర్లేదుగా అంది. ఉన్న ఒక్క మైకు ముందే ఇద్దరం నిలబడ్డాం. నేను మాట అనేసి పక్కకి జరగాలి, జరగగానే ఆవిడ ఆ చోటులోకి వచ్చి ఏడుపు అందుకోవాలి. ఎంత బాగా కుదిరిందంటే, అతుకు ఎక్కడుందో మా అన్నయ్యే పట్టుకోలేకపోయాడు.

కార్యదర్శిగారు ఆదివారం నాడు వేసింది సరిగ్గా ఆ ముక్కే. హాలంతా కళ్ళు తుడుచుకున్నారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు, లేచి మైకు దగ్గరికి వెళ్ళి ఆ గొంతు నాదని చెప్పాను, నమ్మకం కుదరాలని ఆ మాట మళ్ళీ అని చూపించాను. ఏం చెప్పమంటారు, కెనడా చలికి జీరపోయిన గొంతు, సగంలో దగ్గు తెర. అందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శిగారి భార్య ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఈ వయసులో కూడా మిమిక్రీ సూపర్‌గా చేశారు ఆంటీ" అంది. తిట్టడానికి లేదు, ఎంతో ప్రేమగా అంది. మా అమ్మాయి నా చెవిలో, ఇంక కూర్చో అమ్మా అంది.

ఇంటికి వస్తుంటే కారు వెనకసీట్లో నా పక్కన కూర్చున్న మనవరాలు ఫోనులో ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటోంది. తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలికే పిల్ల అది. ఇంట్లో ఉన్నంతసేపూ గది తలుపు వేసుకుంటుంది, తలుపు వెయ్యకే అని బయట నిలబడి అరవడమే ఈ దేశంలో నాకు మిగిలిన ఉద్యోగం. చెవిలోది తీసి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, దట్స్ యూ. అవుట్‌సైడ్ మై రూమ్, ఎవ్రీ డే."

తర్వాత, ఆ క్రయింగ్ కూడా నువ్వేనా అని అడిగింది. నాదేనని చెప్పినా కాదనేవాళ్ళు లేరు, మా అన్నయ్యా లేడు, ఇప్పుడు ఆవిడా లేదు.

"కాదమ్మా, అది ఆవిడదే" అన్నాను.

ఇప్పుడు ఏ హీరోయిన్ చేతనైనా ఏ భాషైనా కంప్యూటరే మాట్లాడించేస్తోందట, మా అల్లుడు చెప్పాడు. గొంతు అరువివ్వడానికి ఒకరూ, ఏడుపైనా నాదే ఉండాలని దెబ్బలాడి వచ్చేవాళ్ళొకరూ అక్కర్లేదన్నమాట. సుఖమే, కాదనను, కానీ నాకెందుకో దిగులుగా ఉంది.

మర్నాడు పొద్దున మనవరాలు మామూలుగానే తలుపు వేసుకుంది. నేనూ మామూలుగానే వెళ్ళి, తలుపు వెయ్యకే అని అరిచాను. అరిచి, ఆవిడకి చోటివ్వడానికన్నట్టు, పక్కకి జరిగి నిలబడ్డాను.