నాలుక మీద తడి

నాయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మా ఇంట్లో అందరినీ తొలిచిన ప్రశ్న ఒకటే. ఆయన నోట్లో తీర్థం పోయవచ్చా, పోయకూడదా? జబ్బు, మందులు, పరీక్షలు అన్నీ దాని తర్వాతే.

బయటివాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మాది తిరుపతిలో తరతరాలుగా గుడిని నమ్ముకున్న వైష్ణవ కుటుంబం. పొద్దున ఆరాధన అయ్యాక స్వామి ఎదుట బారులుగా కూర్చుని పాశురాలు చెప్పే మా బృందాన్ని గోష్ఠి అంటారు. బడిలో నేర్చుకున్న చదువు కంటే ఆ గోష్ఠిలో నాయన వెనుక కూర్చుని నేర్చుకున్నదే నాకు ఎక్కువ మిగిలింది. పారాయణం ముగిశాక అర్చకులు వరుసగా వచ్చి అరచేతిలో తీర్థం పోస్తారు. పచ్చకర్పూరం, ఏలకులు, తులసి కలిసిన ఆ వాసన మధ్యాహ్నం దాకా చేతిని వదలదు. ఎవరికి ముందు పోయాలి, ఎవరికి తర్వాత అన్నదానికి ఒక మర్యాద ఉంటుంది. ఒకసారి ఆ వరుస తప్పిందని నాయన చాపిన చేయి వెనక్కి తీసుకుని బయటికి వచ్చేశాడు. చాలా కాలం ఆ గుడి గడప తొక్కలేదు. అంత పంతంలోనూ తీర్థం మాత్రం మానలేదు. మా అత్త రోజూ చిన్న వెండి గిన్నెలో పట్టి తెచ్చేది. అది పుచ్చుకున్నాకే ఆయన కాఫీ ముట్టేవాడు.

అత్త అంటే నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తల్లిలేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం, గోష్ఠి మధ్యలో నాయన గొంతు జారింది. ముందు నేను మరుపు అనుకున్నాను. మరుక్షణం ఆయన కుడిచేయి ఒళ్ళోంచి నేలమీదికి వాలిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. మెదడులో రక్తనాళం పూడిందన్నారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. వాటితోపాటు మింగే శక్తి కూడా పోయిందని డాక్టరు చెప్పాడు. నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదన్నాడు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు.

ఆ వార్డులో పగటి డ్యూటీ నర్సు బంగారుపాళ్యం వైపు మనిషి. నలభై దాటిన వయసు, చిరుకోపం, మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. మొదటిరోజు నాయన చొక్కా విప్పి ఆమె నావైపు తిరిగింది.

"సార్, ఈ జంధ్యం తియ్యాల్నా, ఉండనీయాల్నా? గుండెకాడ వైర్లు అంటించాల."

"తీయకూడదమ్మా."

"అట్లయితే చెవికి చుట్టేస్తా. మా ఊర్లో అయ్యవారు అట్లనే చుట్టుకుంటాడు, సూసినా."

"అది ఒంటేలుకి పోయేటప్పుడమ్మా," అన్నాను.

"సామికి ఇప్పుడు ఒంటేలుకి గూడా గొట్టం ఏసినారు గదా సార్. పొద్దస్తమానం పోతానే ఉంటాడు. చెవికే ఉండనీ."

అంత దిగులులోనూ నాకు నవ్వు వచ్చింది. నాయన ఎడమ పెదవి కూడా కొంచెం కదిలింది. ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ ధైర్యంతో పాటే భయమూ పట్టుకుంది. అర్థమవుతున్న మనిషిని తీర్థం లేకుండా పడుకోబెట్టాలి కదా.

ఆమె పని చేసే తీరు ఒకటి నేను మరిచిపోలేను. నాయనను తాకే ముందు ప్రతిసారీ చెప్పేది. "సామీ, ఎడం పక్కకి తిప్పతా ఉండా." "సామీ, ఈపు తుడస్తా, నీళ్ళు సల్లగా ఉంటాయి." తల కింద పిలక నలిగి పుండు పడుతుందని, దాన్ని విప్పి, దువ్వి, నెత్తి మీదికి ముడి వేసేది. భుజాల మీద శంఖచక్రాల ముద్రలు చూసి వాతలా అని అడిగింది. చిన్నప్పుడు ఆచార్యులు వేసినవని చెప్పాను. నాకు కాదు, నాయనకు జవాబిచ్చింది. "సిన్నపిల్లోడివి, ఎంత నొప్పి పుట్టినాదో గదా సామీ." ఆ ముద్రల గురించి నాయనను అలా అడిగినవాళ్ళు మా వాళ్ళలో ఎవరూ లేరు. మాకు అది నొప్పి కాదు, భాగ్యం. నొప్పి కూడా అయి ఉంటుందని నాకు తోచలేదు.

రెండోరోజు పొద్దున్నే అత్త వచ్చింది. స్నానం చేసి, తడి ఆరని చీరతో, వెండి గిన్నె మీద తులసాకులు కప్పి తెచ్చింది. నర్సు దగ్గరికి రాబోతే మడి చెడుతుందని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏమ్మే, రవ్వంత పక్కకి జరుగు. తమ్ముడికి తీర్థం ఇయ్యాల."

"నోట్లో ఏం పొయ్యకూడదవ్వా. మింగలేడు. నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

"ఇది నీళ్ళని ఎవురు చెప్పినారు నీకు?"

"ఏదైనా గాని, ఆ గొంతుకు తెలీదు గదవ్వా."

"దేవుడికి తెలుస్తాదిలే."

"దేవుడికి తెలుస్తాది. గొంతుకే తెలీదు." నర్సు చేతులు తుడుచుకుంటూ అంది. "కావాలంటే ఈ గొట్టంలో పోస్తా, ఈయండి."

"ముక్కులోనా! గంజి పోసే ఎంగిలి గొట్టంలో తీర్థమా! రేయ్, ఇంటా ఉండావా?"

వింటున్నాను. డాక్టరు మాట కాదనే ధైర్యం నాకు లేదు. అత్త మాట తప్పు అనే నోరూ లేదు. తీర్థం ఊపిరితిత్తులకు హాని చేస్తుందని నమ్మడమంటే, చిన్నప్పటి నుంచి అరచేతిలో పుచ్చుకున్నదాన్ని మామూలు నీళ్ళని ఒప్పుకోవడమే అనిపించింది. ఆ రోజు అత్త గిన్నె మంచం పక్కన పెట్టుకుని కూర్చుంది. నాయన చూపు దాని మీంచి కదలలేదు.

మరునాడు మా గోష్ఠి పెద్దాయన చూడటానికి వచ్చాడు. అత్త గోడు వెళ్ళబోసుకుంది. ఆయన, "నాలుక మీద పడాలమ్మా. చుక్క అయినా చాలు. మిగతాది స్వామి చూసుకుంటాడు," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను మందుల కోసం కిందికి వెళ్ళాను. నర్సు వార్డు చివర మంచం దగ్గర ఎవరికో కట్టు మారుస్తోంది. నేను తిరిగివచ్చేసరికి నాయన మంచం చుట్టూ మనుషులు. దగ్గు రావడం లేదు. దగ్గలేక ఛాతీ ఎగిరెగిరిపడుతోంది. పెదవులు నల్లబడుతున్నాయి. నర్సు ఆయన్ని పక్కకు తిప్పి, కఫం లాగే మిషను గొట్టం గొంతులోకి దించుతూ, "సామీ, నేనే, బయపడొద్దు, లాగతా ఉండా," అని అదే మాట చెబుతోంది. ఆమె గొంతు మామూలుగా ఉంది. చేతులు మాత్రం పరుగెత్తుతున్నాయి. అత్త గోడకు అంటుకుని నిలబడింది. చేతిలో తీర్థం పోసే ఉద్ధరిణి ఉంది.

నాయన రంగు మళ్ళీ తిరిగాక డ్యూటీ డాక్టరు వచ్చాడు. "నువ్వుండి ఏం చేస్తున్నావు? చూసుకోవద్దా?" అని అందరి ముందూ నర్సు మీద అరిచాడు. ఆమె తల వంచుకుని నిలబడింది. అత్త పేరు ఎత్తలేదు. డాక్టరు వెళ్ళాక మాత్రం అత్తవైపు తిరిగింది.

"పుణ్యం మీకు, తిట్లు నాకు. బాగుండాదవ్వా."

"రెండు సుక్కలే పోసినా..."

"రెండు సాలు. ఇంకో రెండు పోసింటే ఈపొద్దు దుప్పటి కప్పాల్సి వచ్చేది."

అత్త ఏడవలేదు. గిన్నె కొంగు కింద దాచుకుని బయటికి వెళ్ళింది.

ఆ సాయంత్రమే నాయనకు జ్వరం మొదలైంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఆ రెండు చుక్కల వల్లేనా అని డాక్టర్ను అడిగాను. "అంతకుముందే ఉండి ఉండొచ్చు, చెప్పలేం," అన్నాడు. ఈ జవాబు అత్తకు చెప్పాను. ఆమె నమ్మలేదు. నేను నమ్మానా అంటే, ఈనాటికీ చెప్పలేను.

అప్పటి నుంచి ఇంకో చిక్కు వచ్చింది. నాయన నోరు తెరవడం మానేశాడు. రోజూ నర్సు తడిపిన మెత్తటి గుడ్డతో ఆయన నాలుక, చిగుళ్ళు తుడిచేది. అలా చేయకపోతే నోట్లో పాచి పేరుకుపోయి అదే గొంతులోకి జారుతుందట. ఇప్పుడు ఎంత బతిమాలినా ఆయన పళ్ళు బిగించేవాడు. మాట లేని మనిషికి కాదనడానికి మిగిలింది ఆ పళ్ళే. నాలుక ఎండి అట్టకట్టింది. నోటి నుంచి వాసన రాసాగింది. నర్సు ఒక పూట విసుక్కుంది కూడా. "సామీ, నాతో మొండి పడితే ఎట్ల? నాకింకా మంచాలు ఉండాయి." మళ్ళీ తనే వచ్చి పెదవులకు ఏదో పూసింది.

అత్త రావడం మాత్రం మానలేదు. గిన్నె తెచ్చి, మూత తీయకుండా దూరంగా బల్ల మీద కూర్చునేది. ఒకరోజు పొద్దున ఆమె తులసి సర్దడానికి మూత తీసింది. నాయన ముక్కుపుటాలు కదిలాయి. మెడ అటువైపు తిప్పాలని చూశాడు. ఆ కదలిక నర్సు కంట పడింది.

"అవ్వా, ఆ గిన్నె ఇట్ల తే."

అత్త గిన్నెను గుండెకు హత్తుకుంది. "వద్దు తల్లీ. ఇంక పొయ్యను."

"పొయ్యొద్దు. ఈ గుడ్డ దాంట్లో తడిపి, బాగా పిండేసి తుడస్తా. తడే ఉంటాది, సుక్క దిగదు. ఆ వాసనకైనా నోరు తెరస్తాడేమో."

అత్త ముఖంలో ఎన్ని భయాలు మెదిలాయో నేను చూశాను. శిలువ వేసుకున్న మనిషి చేయి గిన్నెలో పడుతుంది. నోట్లో పెట్టిన గుడ్డ మళ్ళీ గిన్నెలో ముంచితే తీర్థమంతా ఎంగిలి అవుతుంది. వీటన్నిటి కంటే ఆ రోజు నల్లబడ్డ పెదవులు.

"నువ్వు గిన్నె తాకొద్దు," అంది చివరకు. "నేను పైనుంచి పోస్తా. నువ్వు గుడ్డ పట్టుకో."

"మహారాణివి, అట్లనే గాని."

అత్త అర్చకుల్లాగే కాస్త ఎత్తు నుంచి ఉద్ధరిణితో పోసింది. నర్సు గుడ్డను పిండి, మళ్ళీ పిండి, నాయన పెదవుల దగ్గర పెట్టింది. "సామీ, తీర్థం."

నాయన నోరు తెరిచాడు.

ఆమె ముందు పెదవులు, తర్వాత చిగుళ్ళు, చివరకు నాలుక తుడిచింది. అట్టకట్టినదంతా మెల్లగా ఊడివచ్చింది. నాయన కళ్ళు మూసుకున్నాడు. మేం ముగ్గురం ఆయన ఛాతీకేసి చూస్తూ నిలబడ్డాం. ఏమీ కాలేదు.

"రేపు గూడా తే అవ్వా. పచ్చకర్పూరం రవ్వంత ఎక్కువేసి తే."

"అది నేనేసేది కాదు పాపా. అర్చకులు ఏస్తారు."

"అట్లయితే నర్సమ్మ అడిగిందని చెప్పు."

తర్వాత రోజూ అలాగే జరిగింది. అత్త పోసేది, ఆమె తుడిచేది. గోష్ఠిలో మేం కైంకర్యం అన్న మాట ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. స్వామికి చేసే సేవ అని దాని అర్థం. ఆ సేవలో ఎవరు ముందు అన్నదానికే మాలో తగాదాలు. వార్డులో ఆమెకు ఆ బాధ లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పోయేది. మలం ఎత్తిన చేతులు కడుక్కుని వచ్చి తీర్థం గుడ్డ పట్టుకునేది. ఆ రెండు పనులూ ఒకే ముఖంతో చేసేది. స్వామి ఆ రోజుల్లో నాయన దగ్గరికి ఎలా వచ్చాడని ఎవరైనా అడిగితే, ఆమె చేతుల మీదుగానే వచ్చాడని చెబుతాను. ఇలా అనడం నా నమ్మకానికి తక్కువేమీ కాదు. కానీ దీనివల్ల నా మనసు నెమ్మదించిందని అంటే అబద్ధం. ఈరోజుకీ గోష్ఠిలో అరచేయి చాపినప్పుడు, ఆ కొద్ది నీటి బరువు చేతిలో పడగానే, నాకు ఎగిరిపడుతున్న ఛాతీ కనిపిస్తుంది. పుచ్చుకుంటాను. మింగేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను.

జ్వరం తగ్గలేదు. మందులు మార్చారు, మళ్ళీ మార్చారు. ఒక ఉదయం మేం వెళ్ళేసరికి నాయన ఊపిరి తీరు మారిపోయి ఉంది. లోపలికి పోయిన ఊపిరి చాలాసేపటికి గానీ బయటికి రావడం లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పవలసింది చెప్పాడు. నేను మంచం దగ్గరికి వచ్చి అత్త ముఖంలోకి చూడలేకపోయాను. నర్సే ఆమె పక్కకు వచ్చి నిలబడింది.

"అవ్వా, ఇంక పొయ్యొచ్చు. నీ చేత్తోనే పొయ్యి. ఎవురూ ఏమనరు."

అత్త ఉద్ధరిణి నిండా తీర్థం తీసుకుంది. మా వాళ్ళకు ఆ ఘడియలో నోట్లో పడే తీర్థం కంటే కావలసింది ఇంకేమీ లేదు. దానికోసమే ఆమె ఇన్ని రోజులు వచ్చింది. నాయన నోరు తెరిచే ఉంది. ఆమె చేయి ఆ నోటి మీదికి వెళ్ళి, గాలిలో ఆగిపోయింది.

"దగ్గొస్తాదేమో పాపా."

"రాదవ్వా. పొయ్యి."

"వొద్దు. వాడు తట్టుకోలేడు." ఉద్ధరిణిని తిరిగి గిన్నెలో వంచేసింది. "ఆ గుడ్డ ఇయ్యి."

నర్సు కొత్త గుడ్డ తెచ్చి ఆమె చేతికే ఇచ్చింది. ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలాయి. అత్త వెనక్కి తీసుకోలేదు. గుడ్డను గిన్నెలో ముంచి, నర్సు చేసినట్టే పిండి, సరిపోలేదని మళ్ళీ పిండి, తమ్ముడి మీదికి వంగింది.

"ఒరేయ్, తుడస్తా ఉండా. తీర్థం," అని చెప్పి పెదవులు తుడిచింది. చిగుళ్ళు తుడిచింది. నాలుక మీద గుడ్డను కాసేపు అలాగే ఉంచి తీసేసింది.

మేం ముగ్గురం ఆయన ఛాతీకేసి చూస్తూ నిలబడ్డాం. నాయన దగ్గలేదు.